పిలిస్తే పలకని పెద్దపెట్టె

మేనల్లుడికి,

మామయ్య రాయునది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావని అడగను. ఎందుకంటే ఏడేళ్లుగా నీ మీద నాకు కోపం. ఆ సంగతి నీకు తెలియనే తెలియదని మీ అమ్మ చెప్పింది. తెలియకపోతే ఇప్పుడు తెలుసుకో.

ఏడేళ్ల కిందట మీ ఇంట్లో నేను స్టూలెక్కి ఫ్యాను విప్పుతున్నాను. నువ్వు కింద నిలబడి చూసి చూసి, దిగు మామయ్యా అని, నా చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కున్నావు. అడగలేదు. లాక్కున్నావు. బట్టలమిల్లులో జీవితమంతా మేస్త్రీగా చేసినవాణ్ణి. నా చేతిలో ఉన్న పనిముట్టు కావాలంటే మేనేజరు కూడా ముందు దగ్గి, గొంతు సవరించుకుని అడిగేవాడు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, నీతో మాట్లాడనని. రాయనని పెట్టుకోలేదు కాబట్టి రాస్తున్నాను. నా చదువు నాలుగో తరగతి, అదీ సగమే. అక్షరాలు వంకరగా ఉంటే కాగితం తిప్పి చదువుకో.

ఇక విషయం. మిల్లు మూతపడ్డాక ఖాళీగా పడున్న క్యాంటీను హాల్లో నువ్వు మీ ఆఫీసు వద్దనుకున్న కంప్యూటర్లు తెచ్చి పెట్టావు. బల్లల మీద వరసగా చిన్నపెట్టెలు, మూలగదిలో పెద్దపెట్టె ఒకటి. నువ్వున్న రోజు అన్నీ వెలిగాయి. నువ్వు బస్సెక్కిన మర్నాటి నుంచి ఒక్కటీ వెలగలేదు. నల్లటి తెర, దాని మీద తెల్ల అక్షరాలు, పక్కన ఒక్కొక్కటిగా చుక్కలు. కాసేపటికి చుక్కలు కూడా ఆగిపోతాయి.

మిల్లులో పని పోయిన ఆడవాళ్లు అక్కడ టైపు నేర్చుకుంటున్నారని నీకు తెలుసు. ఆస్పత్రిలో బిల్లులు కొట్టే ఉద్యోగాలకు పరీక్ష ఉంది. నెలాఖరులోగా పెట్టెలు పని చెయ్యకపోతే క్లాసును వంతెన అవతలికి మార్చేస్తానని పంతులమ్మ చెప్పేసింది. క్లాసు పోతే, హాలును చూసుకునే కమిటీ దాన్ని మూసేస్తుంది. హాలు మూస్తే తాళంచెవి నా దగ్గర్నుంచి తీసుకుంటారు. తాళంచెవి తీసుకుంటే పొద్దున్నే లేచి చొక్కా వేసుకుని నేనెక్కడికి వెళ్లాలో నువ్వే చెప్పు.

తప్పు నీదేనని నా నమ్మకం. ఏం చెయ్యాలో రాయి.

ఇట్లు,
నీతో మాట్లాడని మామయ్య

తా.క.: తెర మీద ఉన్నదాన్ని చూసి కింద గీశాను. నాకు ఇంగ్లీషు రాదు. గీత మాత్రం తప్పలేదు.

*

పూజ్యులైన మామయ్యకు,

మేనల్లుడి నమస్కారాలు. మీరు నాతో ఏడేళ్లుగా మాట్లాడటం లేదని ఉత్తరం చూసేదాకా నాకు నిజంగా తెలియదు. మీరు ఎవరితోనూ పెద్దగా మాట్లాడరు కదా, నా వాటాకు వచ్చింది ఇంతే కాబోలు అనుకున్నాను. మొన్న హాల్లో రోజంతా పంతులమ్మతోనే మాట్లాడుతుంటే, ఆవిడంటే మీకు గౌరవం అనుకున్నాను.

మీరు గీసిన బొమ్మ మా ఆఫీసులో చూపించాను. అందులో ఒక దువ్వెన, ఒక కత్తెర, ఒక నిచ్చెన ఉన్నాయి. క్షవరం దుకాణం బోర్డా అని ఒకాయన అడిగాడు. కానీ మీ గీత గట్టిది, చివరికి అక్షరాలన్నీ పోల్చుకున్నాం. దాని అర్థం ఇది: పిలిచాను, ఎవరూ పలకలేదు.

కొంచెం వివరంగా చెబుతాను. ఆ చిన్నపెట్టెల్ని థిన్ క్లయింట్లు అంటారు. వాటి కడుపులో ఏమీ ఉండదు. స్విచ్చి వెయ్యగానే, నేనెవరిని, నేనేం చెయ్యాలి అని తీగలోంచి కేకేస్తాయి. మూలగదిలో ఉన్న పెద్దపెట్టె, అంటే లినక్స్ సర్వరు, ఆ కేక విని ఒక్కోదానికీ పేరు పెట్టి పని అప్పగిస్తుంది. ఇప్పుడు కేక వెళుతోంది, జవాబు రావడం లేదు. కాబట్టి రెండు చూడండి. పెద్దపెట్టె స్విచ్చి వేస్తున్నారా? తీగలన్నీ కలిసే చిన్న డబ్బా మీద దీపాలు మిణుకుమంటున్నాయా?

ఇట్లు,
ఇన్నాళ్లూ శిక్షలో ఉన్నానని తెలియని మేనల్లుడు

తా.క.: ఫ్యాను సంగతి. మీరెక్కిన స్టూలుకు ఒక కాలు గాల్లో ఉంది. దాన్ని పట్టుకోమని అమ్మ చెప్పింది. రెండు చేతులూ స్టూలుకిస్తే మీరు స్క్రూడ్రైవరు నా నెత్తి మీద వదులుతారని భయపడి ముందు దాన్ని తీసుకున్నాను.

*

మేనల్లుడికి,

మామయ్య రాయునది. స్టూలు బాగానే ఉంది. మీ ఇంటి నేల బాగా లేదు.

స్విచ్చి వేస్తున్నారా అని నన్నడుగుతావా? ఎంతెంత పెద్ద మోటార్లు తిప్పిన చెయ్యి ఇది. రోజూ నా చేత్తో నేనే వేస్తున్నాను. ఇంకొకరిని ముట్టుకోనివ్వను. డబ్బా మీద దీపాలు కూడా మిణుకుమంటున్నాయి, ఒకటి పచ్చగా, ఒకటి పసుపుగా. కాబట్టి నీ రెండు ప్రశ్నలూ దండగ.

నువ్వు రాసిందాంట్లో పనికొచ్చే ముక్క ఒకటే, పిలిస్తే పలకడం లేదని. దాని మీద ఆలోచించాను. మూలగదికి గోడ అడ్డం, తలుపు ఎప్పుడూ వేసి ఉంటుంది, పైగా లోపల పాత బీరువా. మగ్గాల మోతలో పనివాళ్లు నన్ను పిలిస్తే నాకు వినబడేది కాదు. అందుకే నేను వరస మధ్యలో నిలబడేవాణ్ణి, అందరికీ కనిపించేలా. అదే చేశాను. మనుషుల్ని పెట్టి పెద్దపెట్టెను మోయించి హాలు నడిమధ్య బల్ల మీద కూర్చోబెట్టాను. తీగ చాలకపోతే కొంచెం లాగాను.

ఇప్పుడు డబ్బా మీద దీపాలు కూడా ఆరిపోయాయి.

ఇది నీ సలహా వల్ల జరిగింది. వెంటనే రాయి.

ఇట్లు,
ఓపిక ఉన్నంతవరకు నీ మామయ్య

తా.క.: పెద్దపెట్టె మధ్యలోకి రాగానే పంతులమ్మ దాని మీద టీ కప్పు పెట్టింది. తీయించేశాను. హోదా ఉన్నదాని నెత్తిన కప్పు పెడితే అది మాత్రం ఎందుకు పలుకుతుంది.

*

పూజ్యులైన మామయ్యకు,

నమస్కారాలు. దయచేసి పెద్దపెట్టెను మళ్లీ మూలగదిలో పెట్టించండి. దానికి చెవులు తీగలోనే ఉన్నాయి. తీగ ఉంటే వంతెన అవతలి నుంచి పిలిచినా వింటుంది, లేకపోతే పక్కన కూర్చున్నా వినదు. మీరు లాగినప్పుడు తీగ ఊడింది. అది గుచ్చే చోట చిటుక్కుమనేదాకా నొక్కండి, దీపాలు వస్తాయి.

తర్వాత ఒక పరీక్ష చెయ్యండి. అన్నీ నడుస్తుండగా ఒక్క చిన్నపెట్టెను మాత్రం ఆపి, మళ్లీ వెయ్యండి. అప్పుడేమవుతుందో రాయండి.

మీకు ఫోను చెయ్యలేను, మీరు మాట్లాడరు. పంతులమ్మకు చేశాను. అక్కడ ఇంటర్నెట్టు లేదు కాబట్టి నేనిక్కణ్ణుంచి చూడలేనని, ఆవిణ్ణే కాస్త చూడమని అడిగాను. ఆ స్విచ్చిల మీద వేలు పెడితే మేస్త్రీగారు నా వేలు వైపు చూసే చూపు మీకు తెలియదు, నన్నడక్కండి అంది. కాబట్టి మీరే చెప్పాలి. పొద్దున్న తాళం తీసినప్పటి నుంచి ఏమేం చేస్తారో, ఏ వరసలో చేస్తారో, ఒక్క ముక్క వదలకుండా రాయండి.

ఇట్లు,
మీ చూపుకు దూరంగా ఉన్న మేనల్లుడు

తా.క.: స్టూలు సంగతి అమ్మకు చదివి వినిపించాను. నేల మీద నింద వేసిన మొదటి మనిషి నా తమ్ముడే అంది.

*

మేనల్లుడికి,

మామయ్య రాయునది. నా ఉత్తరాలు మీ అమ్మకు చదివి వినిపించకు. అది నీకూ నాకూ మధ్య గొడవ.

పెట్టె మూలగదికి చేరింది. తీగ చిటుక్కుమంది. దీపాలు వచ్చాయి. నీ పరీక్ష కూడా చేశాను. ఒకదాన్ని ఆపి మళ్లీ వెయ్యమన్నావు. ఒకదాన్ని ఆపి పక్కదాన్ని నడవనిచ్చే మేస్త్రీని కాదు నేను. మరమ్మతు అంటే వరసంతా ఆగాల్సిందే. అందుకని పెద్దదానితో సహా అన్నీ ఆపేసి, మొదటి నుంచి పద్ధతిగా వేశాను. అవే దువ్వెనలు, అవే నిచ్చెనలు.

పద్ధతి రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. నేర్చుకో.

తాళం తీస్తాను. కిటికీలు తీస్తాను. ఆడవాళ్లు వస్తారు. వాళ్లు కూర్చునేదాకా ఏ స్విచ్చీ ముట్టుకోను. మొదటి కుర్చీ దగ్గరకు వెళ్లి మనిషిని చూస్తాను. జుట్టు వేలాడుతుంటే ముడేసుకోమంటాను. కంప్యూటరుకు జుట్టుతో ఏం పని అని వాళ్లలో వాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ, ముడి మాత్రం వెయ్యాల్సిందే. తర్వాత ఆ మనిషి ముందున్న చిన్నపెట్టె స్విచ్చి వేస్తాను. తర్వాత రెండో కుర్చీ. ఇలా చివరి కుర్చీ దాకా. అందరివీ అయ్యాక వరస చివర నిలబడి అటు నుంచి ఇటు ఒకసారి చూస్తాను. ఎవరి చోట్లో వాళ్లు ఉన్నారని రూఢి చేసుకున్నాకే మూలగదిలోకి వెళ్లి పెద్దపెట్టె స్విచ్చి వేస్తాను. చివర. ఎప్పుడూ చివరే.

ఇందులో తప్పు పట్టగలిగితే పట్టు.

ఇట్లు,
పద్ధతి తప్పని మామయ్య

తా.క.: పంతులమ్మ బల్లలు కొలుస్తోంది. ఎందుకని అడిగితే ఊరికే అంది. బల్లలు ఊరికే కొలిచేవాళ్లను నేనింతవరకు చూడలేదు.

*

పూజ్యులైన మామయ్యకు,

నమస్కారాలు. దొరికింది.

మీరు చిన్నవాటిని లేపేటప్పటికి పెద్దది ఇంకా నిద్రలోనే ఉంటోంది. అవి లేచీ లేవగానే దాన్ని పిలుస్తాయి. పలకదు. మళ్లీ పిలుస్తాయి. చుక్కలు అవే. కొంతసేపటికి విసుగొచ్చి ఇక ఊరుకుంటాయి. ఈలోగా మీరు మూలగదికి వెళ్లి పెద్దదాన్ని లేపుతారు. అది తీరిగ్గా లేచి, ముస్తాబై, ఎవరమ్మా పిలిచింది అని చూసేసరికి అడిగేవాళ్లు ఒక్కరూ ఉండరు. తీగ మంచిదే, పెట్టెలు మంచివే. నాతో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆ రోజు నేను పెద్దదాన్ని ముందే వేసి ఉంచాను, ఆ మాట మీకు చెప్పాలని తోచలేదు.

కాబట్టి ముందు పెద్దది వెయ్యండి. వీధి చివర టీ కొట్టుకు వెళ్లి నిదానంగా ఒక టీ తాగి రండి. అప్పుడు చిన్నవి వెయ్యండి. అంతే. రేపు పొద్దున్నే అన్నీ వెలుగుతాయి.

ఇట్లు,
ఊపిరి పీల్చుకున్న మేనల్లుడు

తా.క.: అమ్మకు చదివి వినిపించలేదు, ఆవిడే తీసుకుని చదివింది. చిన్నప్పుడు మీరు కథ చెప్పాలంటే పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి, బాసింపట్లు వేయించి, అప్పుడు గాని మొదలుపెట్టేవారు కారట. కథ మొదలయ్యేసరికి అందరూ నిద్రపోయేవాళ్లట.

*

మేనల్లుడికి,

మామయ్య రాయునది. నువ్వు చెప్పింది నేను చెయ్యను.

మగ్గాల సెక్షన్లో నాకు ముందు ఇంకో మేస్త్రీ ఉండేవాడు. మంచివాడే. ఒకరోజు పొద్దున్న తొందరలో వరస చూడకుండా పెద్ద మోటారు ముందు వేసేశాడు. వరసలో ఒకతను వంగి బెల్టు సర్దుతున్నాడు. ఎడమ చెయ్యి మోచేతి దాకా పోయింది. ఆ మర్నాడు నన్ను మేస్త్రీని చేశారు. నా పెద్దరికం నాకలా వచ్చింది. అప్పటి నుంచి మిల్లు మూసిన రోజు దాకా, ప్రతి మనిషీ చోట్లో ఉన్నాడని నా కళ్లతో చూడకుండా పెద్దదాన్ని కదిలించలేదు. నా వరసలో ఎవరి వేలూ పోలేదు. దాన్ని నువ్వు, ముందు పెద్దది వెయ్యండి అని ఒక్క ముక్కలో తీసేశావు.

ఇవి మగ్గాలు కావు అంటావు. అయి ఉండకపోవచ్చు. లోపల ఏముందో నేను చూడలేదు. చూడనిదాన్ని ముందు తిప్పను. పంతులమ్మ బండి కూడా మాట్లాడుకుంది, సామాను వచ్చేవారం వెళ్లిపోతుంది. వెళ్లనీ. తాళంచెవి ఇచ్చేస్తాను. కొలిమిలో కాల్చి అడిగినా పెద్దదాన్ని మాత్రం ముందు వెయ్యను.

ఇట్లు,
మాట మార్చని మామయ్య

తా.క.: టీ తాగి రమ్మన్నావు. ఆ మేస్త్రీ తొందర కూడా టీ కోసమే.

*

పూజ్యులైన మామయ్యకు,

నమస్కారాలు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నవ్వలేదు. అమ్మ కూడా నవ్వలేదు.

ఆదివారం నేనే వస్తున్నాను. పెద్దపెట్టె మూత విప్పి లోపల ఏముందో మీ కళ్ల ముందు పెడతాను. మీరు వేలు పెట్టి చూడండి. నాతో మాట్లాడనక్కర్లేదు. పంతులమ్మను కూడా రమ్మన్నాను, బండిని ఆదివారం దాకా ఆపమన్నాను. చెప్పదలచుకున్నది ఆవిడతో చెప్పండి, నేను పక్కనుండి వింటాను.

ఇట్లు,
స్క్రూడ్రైవరు తన ఇంటి నుంచే తెచ్చుకుంటున్న మేనల్లుడు

తా.క.: ముందేది, వెనకేది అన్న బెడదే మీకు లేకుండా ఒక ఏర్పాటు ఆలోచించాను. అదేమిటో ఇప్పుడు చెప్పను. చూస్తే మీరే సంతోషిస్తారు.

*

మేనల్లుడికి,

మామయ్య రాయునది. సంతోషించలేదు.

ఆదివారం నువ్వు చేసినదాంట్లో మంచి ముందు చెబుతాను, నేను అన్యాయం చేసే మనిషిని కాను. మూత విప్పి చూపించావు. బెల్టు లేదు, పళ్లచక్రం లేదు, అరచేతిలో పట్టే పంకా ఒకటి ఉంది. వేలు పెట్టాను, పంకానే ఆగిపోయింది, వేలికి ఏమీ కాలేదు. ఇది ముందు తిరిగినా ఎవరికీ నష్టం లేదని ఒప్పుకున్నాను. పంతులమ్మ ఆలస్యంగా వచ్చింది కాబట్టి ఆ మాట కిటికీతో చెప్పాను. నువ్వు విన్నావని నాకు తెలుసు, తల వంచుకుని నవ్వుతున్నావు.

అక్కడితో ఆగావా? లేదు. కీబోర్డు మీద ఏదో టకటకా కొట్టి, ఇక మీకే శ్రమా లేదు మామయ్యా అని బస్సెక్కావు. సోమవారం నేను తాళం తిప్పేలోపే తలుపు కింద నుంచి వెలుతురు. లోపలికి వెళితే పెద్దది తనంతట తాను లేచి కూర్చుంది, చిన్నవాటన్నిటినీ అదే లేపింది. ఖాళీ కుర్చీల ముందు తెరలన్నీ వెలుగుతున్నాయి. నేను ముట్టుకోవడానికి ఒక్క స్విచ్చీ మిగల్లేదు.

మిగతావాళ్లకు పండగే. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. పంతులమ్మ బండి వద్దంది. కమిటీ పెద్దాయన వచ్చి చూసి, మేస్త్రీగారూ, మీకిక పని లేదు, హాయిగా కూర్చోండి అని తలుపు పక్కన ఒక కుర్చీ వేయించాడు. నేను హాయిగా కూర్చోవాలని వీళ్లకెవరు చెప్పారు? యంత్రమే అన్నీ చూసుకుంటుంటే తాళంచెవి ఎవరి దగ్గరుంటే ఏంటి, టీ కొట్టతనికిచ్చినా సరిపోతుందని అంటున్నారు. వచ్చేవారం శుక్రవారం కమిటీ కూర్చుని అదే తేలుస్తుంది. నువ్వు క్లాసును కాపాడి నన్ను తీసి పారేశావు.

అయినా దీనికోసమే అయితే ఈ ఉత్తరం రాయకపోదును. మంగళవారం సంగతి విను. మధ్యాహ్నం దాకా కిటికీ పక్క కుర్చీలో మనిషి లేదు. ఎవరూ చూడలేదు. తెరలన్నీ వెలుగుతున్నాయి కాబట్టి అందరూ వచ్చారనే పంతులమ్మ అనుకుంది. నేనూ చూడలేదు. నన్ను వీధివైపు మొహం పెట్టి కూర్చోబెట్టారు, అటు నుంచి కనబడేది సైకిళ్లే. మధ్యాహ్నం లేచి కాళ్లు సాగదీసుకుంటూ వరస వెంట నడిస్తే అప్పుడు కనబడింది ఖాళీ. ఆమె ఇల్లు నాకు తెలుసు, ఒంటరి మనిషి, పై అంతస్తు. వెళ్లాను. పొద్దున్న క్లాసుకు బయలుదేరి మెట్ల మీద జారింది. చీలమండ వాచిపోయి, లేవలేక, పొద్దుటి నుంచి అదే మెట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి మొదటి మాట, ఆలస్యమైంది, ఏమనుకోకండి మేస్త్రీగారూ అంది. ఆస్పత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించాను. విరగలేదు.

నేను నా చేత్తో వేసే రోజులైతే మొదటి గంటలోనే ఆ కుర్చీ దగ్గర ఆగేవాణ్ణి. మనిషి లేదని నీ పెద్దపెట్టె ఎవరికి చెప్పింది? ఖాళీ కుర్చీకి కూడా పేరు పెట్టి పని అప్పగించింది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. పెద్దది దాని ఇష్టమొచ్చినంత పెందలాడే లేవనీ, దాని జోలికి నేను రాను. చిన్నవి మాత్రం తమంతట తాము లేవకూడదు. ఒక్కొక్కటీ ఒక మనిషి వేలితో లేవాలి, ఆ మనిషి స్విచ్చి వేసేముందు కుర్చీ వైపు చూసి ఉండాలి. ఇది తప్పనిసరి అని, ఆ వేలు నాదేనని కమిటీకి ఉత్తరం రాయి. నేను చెబితే ముసలాడి చాదస్తం అంటారు. నువ్వు మీ ఆఫీసు కాగితం మీద పెద్ద పెద్ద మాటలతో రాస్తే తలూపుతారు. అబద్ధం రాయొద్దు. వాళ్లకు అర్థం కాకుండా రాస్తే చాలు.

ఇట్లు,
ఇంకా కూర్చోని మామయ్య

తా.క.: ఆ కుర్చీకి చేతులున్నాయి, వెనక దిండు కూడా ఉంది. నిన్న దాంట్లో ఒక కునుకు తీశాను. ఇంకో వారం కూర్చోబెడితే నాకే అలవాటైపోయేలా ఉంది, అందుకే తొందరపెడుతున్నాను. నీ జవాబు వచ్చే గురువారానికి నా చేతిలో ఉండాలి. శుక్రవారం వచ్చే జవాబు నువ్వే ఉంచుకో.